పాత రివాల్వర్ ఏ కాలానిదో ముద్రలు, సీరియల్ నంబరు చూసి తేల్చడం ఎలా?

అంతర్యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి రెమింగ్టన్ కంపెనీ చేసిచ్చిన .44 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు కొలత) రివాల్వర్ల గొట్టం మీద ‘పేటెంటెడ్ సెప్ట్. 14, 1858’ అని కొట్టి ఉంటుంది. అది చూసి జనం దానికి ‘1858 రెమింగ్టన్’ అని పేరు పెట్టేశారు. ఇప్పుడు దాని నకళ్లు చేసి అమ్మే కంపెనీలు కూడా ఆ పేరే వాడుతున్నాయి. నిజానికి న్యూ మోడల్ ఆర్మీ అనే ఆ తుపాకీ తయారీ 1863లో మొదలై 1875 దాకా సాగింది. 1858 సెప్టెంబరు 14 ఫోర్డైస్ బీల్స్ అనే ఆయనకు పేటెంటు దక్కిన తేదీ. అప్పటికి ఈ తుపాకీ పుట్టనే లేదు.

పాత రివాల్వర్ వయసు తేల్చాలనుకునేవారు ముందు వదిలించుకోవలసిన అలవాటు ఇదే: లోహం మీద కనిపించిన ఏడాదిని తయారైన ఏడాదిగా రాసేసుకోవడం. ఫ్రేము (మిగతా భాగాలన్నీ బిగించే అసలు చట్రం) మీద, గొట్టం మీద ఉన్న ఒక్కో ముద్ర ‘ఫలానా సంవత్సరం కంటే ముందు నేను పడి ఉండను’ అనో, ‘ఫలానా సంవత్సరం తర్వాత పడి ఉండను’ అనో చెబుతుంది. ఆ సాక్ష్యాలన్నీ ఒకచోట చేర్చితే మధ్యలో మిగిలే కాలమే మీ జవాబు. ఒక్కోసారి అది ఒకే ఏడాదికి కుదురుతుంది. చాలాసార్లు ఐదారేళ్ల దగ్గర ఆగిపోతుంది. అలా ఆగిపోతే బలవంతంగా ముందుకు లాగకండి.

ముందు ఖాళీగా ఉందని రూఢి చేసుకోండి

పాతకాలపు వస్తువు కదా, ఇంకేం పేలుతుందిలే అనుకోవద్దు. నల్ల తుపాకిమందు తడి తగలకుండా ఉంటే నూరేళ్లు దాటినా అంటుకుంటుంది. పర్కషన్ రకం రివాల్వర్లతో ఈ ప్రమాదం ఎక్కువ. వీటిలో మందు, గుండు సిలిండర్ (గుండ్రంగా తిరిగే, గదులున్న భాగం) ముందు వైపు నుంచి కూరుతారు, వెనక నిపుల్ అనే చిన్న మొన మీద లోహపు క్యాపు తొడుగుతారు. ఎవరో నింపి, పేల్చకుండానే పెట్టెలో పెట్టి ఉండవచ్చు. గొట్టాన్ని ఎవరి వైపూ తిప్పకుండా పట్టుకుని ముందుగా నిపుళ్లు చూడండి. ఒక్కదాని మీద క్యాపు ఉన్నా అక్కడితో ఆపి, తుపాకులు బాగుచేసే నిపుణుడికి అప్పగించండి. క్యాపులు లేకపోతే సన్నటి కర్రపుల్లను ఒక్కో చాంబర్‌లోకి దించండి. అది వెనక గోడ దాకా దిగాలి. సగంలో ఆగిందంటే లోపల ఏదో ఉంది. దాన్ని మీరే తీయడానికి పూనుకోకండి. తూటాలు వాడే రకమైతే సిలిండర్ తెరిచి లేదా తలుపు తీసి ప్రతి గదీ చూడండి.

ఖాళీ అని తేలాక కూడా ట్రిగ్గర్ నొక్కి హామర్‌ను ఊరికే పడనివ్వకండి. నూట యాభై ఏళ్ల నాటి స్ప్రింగు ఒక్క దెబ్బకు విరిగిపోవచ్చు, దాని బదులు సరిపోయేది మరొకటి దొరకడం కష్టం.

తుడవడం కాదు, చదవడం ముఖ్యం

ముద్ర కనిపించడం లేదని గరుకు కాగితంతోనో ఇనుప పీచుతోనో రుద్దేవాళ్లు ఉన్నారు. అంతకంటే పెద్ద నష్టం తుప్పు కూడా చేయదు. మెత్తటి నూలు గుడ్డ మీద రెండు చుక్కల పలుచటి నూనె వేసి తుడవండి. అక్షరాల గాడుల్లో ఇరుక్కున్న మట్టిని చెక్క పంటిపుల్లతో తీయండి. అంతకు మించి శుభ్రం చేయకండి.

చదవడానికి కావలసింది ఏటవాలు వెలుగు. గది కాస్త చీకటి చేసి, టార్చిని లోహానికి దాదాపు ఆనించినట్టుగా పక్క నుంచి వేయండి. పై నుంచి చూసినప్పుడు నున్నగా అనిపించిన చోట కూడా అక్షరాల నీడలు లేస్తాయి. టార్చిని నాలుగు దిక్కుల నుంచీ తిప్పి చూడండి, ఒక దిక్కున కనిపించని గీత మరో దిక్కున దొరుకుతుంది. కాస్త సుద్దపొడి అద్ది తుడిచేస్తే లోతులో తెల్లగా మిగిలి అంకె బయటపడుతుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. కనిపించిన ప్రతిదాన్నీ ఫోనుతో ఫోటో తీసుకోండి.

ముద్రలు ఎక్కడెక్కడ ఉంటాయో చూడటానికి ఒక క్రమం పెట్టుకోవడం మంచిది. గొట్టం పైభాగం, రెండు పక్కలు, అడుగు, ఫ్రేము రెండు పక్కలు, సిలిండర్ చుట్టూ, దాని వెనక ముఖం, ట్రిగ్గర్ గార్డు, పిడి అడుగు, చివరగా పిడి చెక్కల లోపలి వైపు. చెక్కలు విప్పాలంటే స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి. స్క్రూ వదులయ్యాక, పై నుంచి గీకి లేపకుండా, ఎదుటి వైపు నుంచి మెల్లగా తోయండి. అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ చేసినవాటిలో కుడి చెక్క లోపలి వైపున తుపాకీ సీరియల్ నంబరే పెన్సిల్‌తో రాసో, గుద్దో ఉంటుంది. ఆ సన్నటి పెన్సిల్ గీతను తడి గుడ్డతో తుడిచేసినవాళ్లున్నారు!

చూసింది చూసినట్టు రాసుకోండి. చుక్క ఉంటే చుక్క, అడ్డగీత ఉంటే అడ్డగీత, మూడు వరసల్లో ఉంటే మూడు వరసల్లోనే. ‘కోల్ట్, పేటెంటు తేదీలు ఉన్నాయి’ అని రాసుకుంటే ఆ రాతకు విలువ లేదు.

కంపెనీ పేరు, చిరునామా

గొట్టం మీది పేరే మొదటి మెట్టు, ఎందుకంటే కంపెనీలు పేర్లు మార్చుకుంటాయి, ఆ మార్పుల తేదీలు తెలిసినవే. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీనే తీసుకోండి. ‘పి. వెబ్లీ అండ్ సన్’ అని ఉంటే 1897కు ముందుది. ఆ ఏడాది విలీనంతో ‘వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ అండ్ ఆర్మ్స్ కంపెనీ’ అయింది. 1906 నుంచి ‘వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్’. దీనికి తోడు బ్రిటిష్ సైన్యం తీసుకున్న వెబ్లీల మీద మార్కు సంఖ్య రోమన్ అంకెల్లో ఉంటుంది: ఒకటో మార్కు 1887లో, నాలుగోది 1899లో, ఐదోది 1913లో, ఆరోది 1915లో వచ్చాయి. పేరు, మార్కు రెండూ కలిస్తే సగం పని అయిపోయినట్టే.

చిరునామా విషయంలో మాత్రం జాగ్రత్త. అమెరికా కంపెనీ కోల్ట్ చేసిన 1851 నమూనా నేవీ రివాల్వర్లు చాలావాటి మీద న్యూయార్క్ చిరునామా ఉంటుంది. తయారైంది మాత్రం కంపెనీ కర్మాగారం ఉన్న హార్ట్‌ఫర్డ్‌లో. న్యూయార్క్‌ది అమ్మకాల కార్యాలయం. మధ్యలో కొంతకాలం హార్ట్‌ఫర్డ్ పేరే వేశారు. లండన్ పేరున్నవి చాలావరకు అక్కడి పిమ్లికోలో కోల్ట్ 1850లలో నడిపిన కర్మాగారానివి. అది కొద్ది ఏళ్లే నడిచింది కాబట్టి ఆ చిరునామా ఒక్కటే కాలాన్ని బాగా కుదిస్తుంది.

బ్రిటిష్ రివాల్వర్ల మీద దుకాణం పేరు ఉండటం మామూలే. ‘ఆర్మీ అండ్ నేవీ’ అని చెక్కి ఉన్నది ఆ సంస్థ అమ్మిన తుపాకీ, తయారుచేసినది కాదు. ఆ సహకార సంఘం 1871లో ఏర్పడింది కాబట్టి అంతకు ముందు ఆ పేరు పడే వీల్లేదు, అంతవరకు అది పనికొచ్చే సాక్ష్యం.

ఇంకో చిన్న ఆధారం చాలామంది పట్టించుకోనిది. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం ప్రకారం 1891 మార్చి నుంచి దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో ఇంగ్లిష్‌లో ఉండాలి. బెల్జియం రివాల్వర్ మీద ‘బెల్జియం’ అని ఇంగ్లిష్‌లో కనిపిస్తే అది దాదాపుగా ఆ తర్వాతిదే.

పేటెంటు తేదీలు ఎలా వాడాలి?

పేటెంటు తేదీలు ఎన్ని ఉన్నా మీకు కావలసింది వాటిలో చివరిది. తుపాకీ దానికంటే పాతది కాలేదు. ఎంత కొత్తదో మాత్రం ఆ తేదీ చెప్పదు.

ఏ తేదీ లేదన్నది కూడా ఒక సాక్ష్యమే. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే రివాల్వర్ ఫ్రేము ఎడమ పక్కన తొలి ఏళ్లలో 1871 సెప్టెంబరు 19, 1872 జులై 2 మాత్రమే ఉండేవి. తర్వాత 1875 జనవరి 19 చేరింది. 1890ల నాటికి ఆ తేదీల పక్కన వెనక కాళ్ల మీద లేచిన గుర్రపుపిల్ల బొమ్మ కూడా వచ్చింది. కాబట్టి ఆ ఒక్క అంగుళం జాగాను చూసే తొలి, మధ్య, చివరి దశల్లో దేనిదో చెప్పవచ్చు.

రోలిన్ వైట్ కథ మరీ ఆసక్తికరం. తూటాను వెనక నుంచి పెట్టేలా సిలిండర్‌కు ఆరపార రంధ్రాలు వేసే పద్ధతికి ఆయన 1855 ఏప్రిల్ 3న పేటెంటు తీసుకున్నారు. దాని హక్కు స్మిత్ అండ్ వెస్సన్ చేతికి వెళ్లింది. 1869లో గడువు ముగిసేదాకా అమెరికాలో మరెవరూ అలాంటి సిలిండర్ చేయకూడదు. చేసి, కోర్టులో ఓడిపోయిన కొందరు మిగిలిన తమ తుపాకుల మీద ‘మేడ్ ఫర్ స్మిత్ అండ్ వెస్సన్’ అని కొట్టవలసి వచ్చింది. అలాంటిది మీకు దొరికితే దాని కాలం 1860లని కళ్లు మూసుకుని చెప్పవచ్చు. మరో కంపెనీ పేరుతో, ఆరపార రంధ్రాల సిలిండర్‌తో, ఏ అనుమతి గుర్తూ లేకుండా ఉన్న అమెరికన్ రివాల్వర్ అయితే 1869 తర్వాతిదై ఉండే అవకాశమే ఎక్కువ.

నమూనా పేరులోని ఏడాది కూడా ఇలాగే తికమక పెడుతుంది. ఫ్రెంచి సైనిక రివాల్వర్ గొట్టం పైన ‘ఎంఎల్ఈ 1892’ అన్నది నమూనాకు పెట్టిన ఏడాది. కుడి పక్కన ‘ఎస్ 1895’ అని విడిగా కనిపించేది తయారైన ఏడాది. రెండూ ఒకే గొట్టం మీద దగ్గరదగ్గరగానే ఉంటాయి. అయినా మొదటిదే చదివి రెండోది వదిలేస్తారు. తయారైన ఏడాది నేరుగా రాసే ఈ అలవాటు ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలదే. రష్యాలో తూలా కర్మాగారం చేసిన నాగాంత్ రివాల్వర్ల ఫ్రేముల మీద, జర్మనీలో ఎర్‌ఫుర్ట్ కర్మాగారం చేసిన సైనిక రివాల్వర్ల మీద కూడా అలా కనిపిస్తుంది.

పరీక్షా ముద్రలు

ఐరోపాలోని చాలా దేశాల్లో తుపాకీ అమ్మాలంటే ముందు ప్రభుత్వం గుర్తించిన పరీక్షా కేంద్రంలో ఎక్కువ మందుతో పేల్చి, గొట్టం తట్టుకుందని ముద్ర వేయించాలి. ఆ ముద్రల ఆకారాలు చట్టం మారినప్పుడల్లా మారాయి. అమెరికాలో అలాంటి ప్రభుత్వ పరీక్షా కేంద్రం లేదు. అందుకే అమెరికన్ కోల్ట్ మీద బర్మింగ్‌హామ్ లేదా లండన్ ముద్ర కనిపిస్తే అది ఏదో ఒక దశలో బ్రిటన్ చేరిందని అర్థం.

బెల్జియంలోని లీజ్ ముద్రలు నేర్చుకుంటే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే పేరు లేని పాత రివాల్వర్లలో చాలా భాగం అక్కడివే. కోడిగుడ్డు ఆకారపు గీతలో ‘ఈఎల్‌జీ’ అనే మూడక్షరాలు వెతకండి. ఆ గుడ్డు పైన కిరీటం ఉంటే 1893 జులై తర్వాతిది, లేకపోతే అంతకు ముందుది. దాని దగ్గరే పరిశీలకుడి అక్షరం ఒకటి ఉంటుంది. ఆ అక్షరం పైన కిరీటం ఉంటే 1877కు ముందుది, నక్షత్రం ఉంటే ఆ తర్వాతిది. ఇప్పుడు రెండూ కలపండి: గుడ్డు మీద కిరీటం లేదు, అక్షరం మీద నక్షత్రం ఉంది. అంటే 1877కూ 1893కూ మధ్య. తయారుచేసినవాడి పేరు తెలియకపోయినా రెండు చిన్న గుర్తులతో పదహారేళ్లకు కుదించాం.

బర్మింగ్‌హామ్‌లో అడ్డంగా దాటిన రాజదండాల పైన కిరీటం, మధ్యలో అక్షరాలు ఉండే పాత ముద్రలు 1813 నుంచి 1904 దాకా నడిచాయి. 1904 నుంచి కిరీటం కింద ‘బీపీ’, ‘బీవీ’, పొగలేని మందుకు ‘ఎన్‌పీ’ వచ్చాయి. ఒకే తుపాకీ మీద పాతవీ కొత్తవీ రెండూ ఉంటే గాభరా పడకండి, తర్వాత ఎప్పుడో మళ్లీ పరీక్షకు పంపి ఉంటారు. వయసుకు పాత ముద్రే లెక్క.

జర్మనీలో పరీక్షా చట్టం 1893లో అమల్లోకి వచ్చింది. కిరీటం కింద ‘బీ’, ‘యు’, ‘జీ’ అక్షరాల్లో ఏవైనా ఉంటే తుపాకీ దాని తర్వాత పరీక్షకు వెళ్లినదే.

సీరియల్ నంబరు

అందరూ మొదట ఇక్కడికే పరుగెత్తుతారు. నేను దీన్ని ఇంత వెనక్కి నెట్టడానికి కారణం ఉంది. నమూనా ఏదో తేలకుండా సీరియల్ నంబరుకు అర్థమే లేదు. స్మిత్ అండ్ వెస్సన్ పాత రోజుల్లో దాదాపు ప్రతి నమూనాకూ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. 12,000 అనే నంబరు ఆ కంపెనీ తుపాకులు ఎన్నింటి మీదో ఉంటుంది, వాటి మధ్య ఇరవై ఏళ్ల తేడా ఉండవచ్చు.

నంబరు ఎక్కడ వెతకాలి? కోల్ట్ పర్కషన్ రివాల్వర్లను తలకిందులు చేసి పట్టుకుంటే గొట్టం దిమ్మ అడుగున, ఫ్రేము మీద, ట్రిగ్గర్ గార్డు మీద, పిడి అడుగు పట్టీ మీద అదే నంబరు వరసగా కనిపిస్తుంది. సిలిండర్ మీద కూడా ఉంటుంది. గొట్టాన్ని బిగించే చీల లాంటి చిన్న భాగాల మీద చోటు చాలక చివరి అంకెలే వేసేవారు. సింగిల్ యాక్షన్ ఆర్మీలో ఫ్రేము, ట్రిగ్గర్ గార్డు, పిడి వెనక పట్టీ అనే మూడు చోట్లా ఒకటే ఉండాలి. స్మిత్ అండ్ వెస్సన్‌లో పిడి అడుగున ఉన్నదే అసలు నంబరు. సిలిండర్ వెనక ముఖం, గొట్టం, చెక్క లోపలి భాగం దాన్ని బలపరచాలి.

సీరియల్ నంబరు కానివాటిని పక్కన పెట్టండి. సిలిండర్ పక్కకు తెరుచుకునే రివాల్వర్లలో సిలిండర్‌ను మోసే చేయి దగ్గర గుద్దిన అంకెలు చాలాసార్లు కర్మాగారంలో భాగాలు కలగాపులగం కాకుండా వేసుకున్న జోడింపు గుర్తులు. వాటిని సీరియల్ నంబరనుకుని, ఏ నంబరు ఏ ఏడాదిదో చెప్పే పట్టికలో వెతికితే తుపాకీ లేని కాలానికి వెళ్లిపోతారు. పిడి మీది సంఖ్య పటాలం వేసుకున్న గుర్తు కావచ్చు. ‘పేటెంటు’ అన్న మాట పక్కనుంటే అది పేటెంటు సంఖ్య.

అంకెలు చదివేటప్పుడు 3, 8 ఒకదానికొకటి మారిపోతాయి. అరిగిన 1, 7 కూడా అంతే. ఒకచోట సందేహం వస్తే మరోచోట ఉన్న అదే నంబరుతో సరిపోల్చండి. అన్నిచోట్లా ఒకే అంకె అరిగిపోవడం అరుదు.

నంబరు చేతికొచ్చాక ఇక పట్టిక చూడాలి. సింగిల్ యాక్షన్ ఆర్మీకి సాధారణంగా వాడే లెక్క ప్రకారం 1875 ఆరంభం 15,000 దగ్గర, 1880 ఆరంభం 53,000 దగ్గర, 1883ది 85,000 దగ్గర, 1884ది 1,02,000 దగ్గర, 1890ది 1,30,000 దగ్గర, 1899ది 1,82,000 దగ్గర. 1940లో తొలి తరం అని పిలిచే మొదటి విడత తయారీ ముగిసేసరికి 3,57,859 దాకా వెళ్లింది. ఇవి గుండ్రని అంకెలని గుర్తుంచుకోండి. జనవరి ఒకటిన సరిగ్గా 85,000వ ఫ్రేము బయటకు వచ్చిందని కాదు. ఫ్రేముకు నంబరు పడిన రోజు ఒకటి, తుపాకీ పెట్టెలో ఊరు దాటిన రోజు మరొకటి. నంబరు పడి నెలలపాటు గోదాములో కూర్చున్నవి ఉన్నాయి.

ఏడాది సరిహద్దు దగ్గర ఈ తేడా ఊరికే పోదు. అమెరికా చట్టం 1898లో లేదా అంతకు ముందు తయారైన తుపాకీని పురాతనమైనదిగా లెక్కిస్తుంది, చూసేది ఫ్రేము తయారీనే. అందుకే 1,82,000కు అటూ ఇటూ ఉన్న కోల్ట్‌ల గురించి అంత వాదన నడుస్తుంది. ఇతర దేశాల్లో గీత వేరేచోట ఉంటుంది, కొన్నిచోట్ల గీతే లేదు. మీకు వర్తించే చట్టాన్ని అమ్మేవాడి మాట మీద నమ్మకండి.

నిర్మాణంతో సరిపోల్చడం

నంబరు చెప్పిన ఏడాదిని తుపాకీ ఒళ్లంతా ఒప్పుకోవాలి. సింగిల్ యాక్షన్ ఆర్మీలో సిలిండర్ ఇరుసును తొలినాళ్లలో ఫ్రేము ముందు వైపు నుంచి ఒక స్క్రూ పట్టి ఉంచేది. 1890లలో దాని బదులు అడ్డంగా నొక్కే స్ప్రింగు గొళ్లెం వచ్చింది. ట్రిగ్గర్ గార్డు మీద త్రికోణంలో ‘వీపీ’ అనే పరీక్ష గుర్తు 1900ల తొలి ఏళ్లలో మొదలైంది. గట్టి రబ్బరు పిడి చెక్కలు 1880లలో వచ్చాయి, అయితే ఒక్క స్క్రూతో ఊడిపోయే చెక్కల సాక్ష్యానికి బలం తక్కువ.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ ముందున్న కోల్ట్ సింగిల్ యాక్షన్‌కు మూడు చోట్లా 98 వేల పైచిలుకు నంబరే ఉంది. ఫ్రేము మీద మూడు పేటెంటు తేదీలున్నాయి, గుర్రపుపిల్ల లేదు. ఇరుసును ముందు స్క్రూ పట్టి ఉంది. పట్టిక 1883 అంటోంది, ముద్రలు ఒప్పుకుంటున్నాయి, స్క్రూ ఒప్పుకుంటోంది. తీరా చూస్తే ట్రిగ్గర్ గార్డు మీద త్రికోణంలో ‘వీపీ’ ఉంది. ఫ్రేము వయసు దీనివల్ల మారదు. మారేది కథ: 1900 తర్వాత ఇది మరమ్మతుకు కర్మాగారానికి తిరిగి వెళ్లి ఉండవచ్చు, లేదా ఎవరో తర్వాతి కాలపు గార్డు తొడిగి పాత నంబరు గుద్ది ఉండవచ్చు. మొదటిదైతే చరిత్ర, రెండోదైతే మోసం. గార్డు మీది అంకెల అచ్చును ఫ్రేము మీది అచ్చుతో భూతద్దం కింద పోల్చండి. 9 తోక వంపు, 8 నడుము దగ్గరే తేడా దొరికిపోతుంది.

అసలుదా, దిద్దినదా?

తుప్పు గుంట, అంకె కలిసిన చోట చూడండి. పాత ముద్ర మీద తర్వాత తుప్పు పడితే ఆ గుంట అంకె గీతను తినేస్తుంది, అంచు తెగిపోతుంది. తుప్పు పట్టిన లోహం మీద కొత్తగా గుద్దితే అంకె గీత గుంటలోకి దిగి దాన్ని నలగ్గొడుతుంది, గుంట గట్టు లోపలికి వంగుతుంది. నాకు తెలిసినంతలో ఇంతకంటే నమ్మకమైన పరీక్ష మామూలు కంటికి లేదు. అలాగే గుద్దినప్పుడు లోహం పక్కకు లేచి అంకె చుట్టూ సన్నటి గట్టు కడుతుంది. ఆ గట్టు పోయి, అష్టకోణపు గొట్టం అంచులు మొద్దుబారి, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్లెంలా లోతు పడి ఉంటే తుపాకీని ఎవరో సానపట్టి మళ్లీ పూత వేశారు.

నికెల్ పూత ఉన్న పాత స్మిత్ అండ్ వెస్సన్‌లో హామర్, ట్రిగ్గర్‌లకు సాధారణంగా నికెల్ ఉండదు. వాటికీ మెరుగు కనిపిస్తే పూత తర్వాతిదని అనుమానించండి. పిడి అడుగున నంబరు పక్కన చిన్న నక్షత్రం ఉంటే మాత్రం తుపాకీ కంపెనీకే తిరిగి వెళ్లి బాగుపడిందని అర్థం, అది మచ్చ కాదు.

సైనిక ముద్రల దగ్గర మోసాలు ఎక్కువ, ఎందుకంటే ‘యూఎస్’ అనే రెండక్షరాలతో ధర ఎగబాకుతుంది. సింగిల్ యాక్షన్‌ను సైన్యం తరఫున తొలి ఏళ్లలో పరిశీలించిన ఓ.డబ్ల్యు. ఐన్స్‌వర్త్ పేరులోని తొలి అక్షరాలు 1880ల నంబరున్న ఫ్రేము మీద కనిపిస్తే అది దొంగ ముద్రే, ఇక మాట్లాడవలసింది లేదు. ఇందుకు విరుద్ధమైన సందర్భమూ ఒకటుంది. 1890ల రెండో సగంలో సైన్యం పాత అశ్వదళపు కోల్ట్‌ల గొట్టాలను ఐదున్నర అంగుళాలకు తగ్గించి బాగుచేయించింది. ఆ పనిలో భాగాలు కలిసిపోయాయి. ‘ఆర్టిలరీ’ అని పిలిచే ఆ రకంలో నంబర్లు కలవకపోవడమే మామూలు.

ఇటలీ నకళ్లను పట్టుకోవడం తేలిక. 1950ల చివరి నుంచి కోల్ట్, రెమింగ్టన్ పర్కషన్ నమూనాల నకళ్లు అక్కడ తయారవుతున్నాయి. కాలంతో పాటు అవీ పాతబడి కనిపిస్తాయి. గొట్టం అడుగున, మందూ గుండూ కూరే కడ్డీ వెనక వెతకండి: నక్షత్రం కింద ‘పీఎన్’ అనే అక్షరాలు, ఒక చిన్న గడిలో రోమన్ అంకెలో రెండక్షరాలో కనిపిస్తే అది ఇటలీ పరీక్షా కేంద్రం వేసిన ముద్ర. గడిలోనిది ఏడాది గుర్తు. 1964కు రోమన్ ఇరవై, 1974కు రోమన్ ముప్పై, 1975కు ‘ఏఏ’, 1976కు ‘ఏబీ’, అలా సాగుతుంది. ఆ చోట గీకేసి ఉంటే, గీకాల్సిన అవసరం ఎవరికి వచ్చిందో ఆలోచించండి.

కంపెనీ రికార్డులు

కోల్ట్ ఆర్కైవ్ విభాగం, స్మిత్ అండ్ వెస్సన్ చరిత్ర ఫౌండేషన్ రుసుము తీసుకుని, నంబరును బట్టి పాత పద్దుల్లో ఉన్నది ఉత్తరంగా పంపుతాయి. అందులో సాధారణంగా పంపిన తేదీ, ఏ వ్యాపారికి వెళ్లింది, కాలిబర్, గొట్టం పొడవు, పూత ఉంటాయి. తయారైన తేదీ అని అనుకోవద్దు. కోల్ట్ పర్కషన్ రోజుల రికార్డులు చాలావరకు లేవు. 1864 ఫిబ్రవరిలో హార్ట్‌ఫర్డ్ కర్మాగారం పెద్ద అగ్నిప్రమాదంలో చిక్కుకుంది. ఉత్తరం రుజువు చేసేది ఆ నంబరుతో అలాంటి తుపాకీ ఒకటి బయటకు వెళ్లిందని మాత్రమే. మీ చేతిలో ఉన్నది అదేనా అన్నది పైన చూసిన పరీక్షలే చెప్పాలి. ఉత్తరంలో ఏడున్నర అంగుళాల గొట్టం అని ఉండి మీదానికి ఐదున్నర ఉంటే మళ్లీ గొట్టం దగ్గరకు వెళ్లండి.

ఎలా రాసి పెట్టుకోవాలి?

ఒక కాగితం మీద భాగం, ముద్ర, ఆ ముద్ర ఇచ్చే కాలం అని మూడు గళ్లు గీసి నింపండి. ఊహను ఊహ అనే రాయండి. అడుగున తీర్పు. పై ఉదాహరణకైతే ఇలా వస్తుంది: ‘ఫ్రేము 1883 ప్రాంతం, ఆధారం సీరియల్ నంబరు, మూడు పేటెంటు తేదీలు, ముందు స్క్రూ. ట్రిగ్గర్ గార్డు మీద 1900 తర్వాతి గుర్తు; అంకెల అచ్చు పోల్చాలి. గొట్టం పొడవు కొలిచాను, కంపెనీ ఉత్తరంతో సరిచూడాలి. పిడి చెక్కలను లెక్కలోకి తీసుకోలేదు.’ తీసిన ఫోటోలను ఆ కాగితంతో కలిపే ఉంచండి. తుపాకీ చేతులు మారితే అవి కూడా దాని వెంటే వెళ్లాలి.